టెక్ సందేహాలు: క్యాలిక్యులేటర్‌కి అదనపు మెమరీ తగిలించొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా అక్క తను వాడిన టీఐ-83 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ నాకిచ్చింది. మెమరీ చాలడం లేదు. దాని పోర్టుకి మెమరీ చిప్ తగిలించి, ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు)తో మా రొయ్యల చెరువు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు కూడా అందులోకి తెచ్చుకోవాలని ఉంది. కుదురుతుందా?
— డిప్లొమా విద్యార్థి, అమలాపురం

జవాబు: సగం కుదురుతుంది. ఆ 2.5 మిల్లీమీటర్ల పోర్టులో ఉన్నవి రెండు డేటా తీగలు, ఒక గ్రౌండ్, అంతే. లోపలి జెడ్80 ప్రాసెసర్ తన మెమరీని అందుకునే తీగలు (అడ్రస్ బస్సు) బయటికి రావు. కాబట్టి మీరేం తగిలించినా 24 కేబీ ర్యామ్ పెరగదు. బయట ఓ గోడౌన్ పెట్టుకుని, ప్రోగ్రాములు అక్కడ దాచి, కావలసినప్పుడు తెచ్చుకోవచ్చు. అసలు లోపలున్న 160 కేబీ ఆర్కైవ్ (ప్రోగ్రాములు దాచుకునే ఫ్లాష్ మెమరీ) వాడారా? చాలామంది దాని జోలికే పోరు. అదీ నిండితే 24ఎల్‌సీ256 ఈఈప్రామ్ (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ చిప్) కొనండి. 256 అని మురిసిపోవద్దు, అవి కిలోబిట్లు. చేతికొచ్చేది 32 కేబీ. దాన్ని నేరుగా పోర్టుకి కలపలేరు, మధ్యలో మైక్రోకంట్రోలర్ ఉండాల్సిందే. పోర్టులో కరెంటు తీగ లేదు గనక దానికి వేరే బ్యాటరీ కావాలి.

ఇక మాటలు కలపడం. ఖాళీగా ఉన్నప్పుడు రెండు తీగలూ 'హై' (5 వోల్టుల) స్థితిలో ఉంటాయి. పంపేవాడు 0 అయితే ఒక తీగని, 1 అయితే రెండోదాన్ని 'లో' (సున్నా వోల్టుల) స్థితికి లాగుతాడు. అందుకున్నవాడు మిగిలిన తీగని లాగి 'అందింది' అంటాడు. ఇద్దరూ వదిలేశాకే తర్వాతి బిట్. క్లాక్ లేదు, ఇద్దరి వేగం (బాడ్ రేట్) ముందే కుదుర్చుకునే గొడవ లేదు. నాకు భలే నచ్చే ఏర్పాటు ఇది. ఒక్కటే జాగ్రత్త: మీ పిన్నుని ఎప్పుడూ హై అవుట్‌పుట్‌గా పెట్టకండి. లాగాలంటే 'లో' అవుట్‌పుట్, వదలాలంటే ఇన్‌పుట్. లేదంటే అవతలివాడు లాగినప్పుడు షార్టే. పైగా క్యాలిక్యులేటర్‌ది 5 వోల్టులు, ఈఎస్‌పీ32ది 3.3. తీగకొక బీఎస్ఎస్138 లెవెల్ షిఫ్టర్ (వోల్టేజి మార్చే చిన్న సర్క్యూట్) లేకుండా కలిపితే బోర్డు పోవచ్చు. మొదటిసారి అయితే 5 వోల్టుల ఆర్డ్యునో ఉనో మైక్రోకంట్రోలర్ బోర్డుతో మొదలుపెట్టండి, ఈ టెన్షన్ ఉండదు.

చెరువులో డీవో పడిపోయేది తెల్లవారుజామున. క్యాలిక్యులేటరేమో ముట్టుకోకపోతే 5 నిమిషాల్లో తనంతట తానే ఆగిపోతుంది. ఏరియేటర్ అలారానికి దాన్ని నమ్ముకోవద్దు, ఈఎస్‌పీ32 నుంచి నేరుగా ఫోన్‌కే పంపండి. పొద్దున్నే రీడింగులు లిస్టుగా తెచ్చుకుని గ్రాఫ్ గీసుకోవడానికైతే బ్రహ్మాండం. లిస్టుకి 999 అంకెలు పడతాయి. 10 నిమిషాలకొకటి చొప్పున దాదాపు వారం సరిపోతాయి.

ప్రశ్న: గేట్ పరీక్షకి గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ కొనమంటారా?
— భీమవరం పాఠకుడు

జవాబు: వద్దు. లోపలికి ఏ క్యాలిక్యులేటరూ తీసుకెళ్లనివ్వరు. స్క్రీన్ మీదే వర్చువల్ క్యాలిక్యులేటర్ ఇస్తారు, మౌస్‌తో దాన్ని నొక్కడం ప్రాక్టీస్ చేయండి.