డబుల్ బేస్ కడుపులో యాంపు: మేనల్లుడికి ఉత్తరం

చి॥ అల్లుడికి,
మావయ్య ఆశీస్సులు.

డబుల్ బేస్ (నిలబడి వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) లోపలే స్పీకరు, యాంపు (ధ్వనిని పెంచే యాంప్లిఫైయర్), బ్యాటరీ అమర్చి, చూసేవాళ్ళకి మామూలు బేస్‌లాగే కనపడేలా చేద్దామనుకుంటున్నానని రాశావు. మంచి ఆలోచనే. న్యూయార్క్ సబ్‌వే మెట్ల మీద ఒక చేత్తో బేసు, ఇంకో చేత్తో యాంపు మోసుకుంటూ దిగడం నడుముకి మంచిది కాదు. అయితే దాచడం పెద్ద పనేం కాదురా. దాచిన స్పీకరు మోత మళ్ళీ తీగల అదురుని కరెంటుగా మార్చే పికప్‌లోకి దూరి ఊళ పెట్టకుండా చూడటమే అసలు పని. డబ్బూ ఓపికా అక్కడ ఖర్చుపెట్టు, వాట్ల మీద కాదు.

వాయిద్యం సంగతి ముందు. చెక్కిన స్ప్రూస్ పలక ఉన్న పాత బేస్‌కి రంపం పెట్టకు, పాపం తగులుతుంది. త్రీక్వార్టర్ సైజు ప్లైవుడ్ బేస్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చూడు. వీపు మీద గీతలున్నా ఫర్వాలేదు, ఎలాగూ కోసేదే. వీపు గుండ్రంగా వంపు తిరిగిందే తీసుకో. చదును వీపు బేస్‌లకి లోపల అడ్డంగా బ్రేసులు (బలానికి అంటించిన కర్రపట్టీలు) ఉంటాయి. వాటిని కోస్తే వీపు క్రమంగా కుంగిపోతుంది. ఎదర పలక జోలికి మాత్రం అసలు పోకు. తీగల బరువంతా మోసేది అదే, మోగేదీ అదే.

ఇప్పుడు ఏ మోత కావాలో తేల్చుకుందాం. ఇ తీగ 41 హెర్ట్జ్, ఎ 55, డి 73, జి 98. ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగితే, అంతే బిగ్గరగా వినపడటానికి స్పీకరు కోను నాలుగింతలు కదలాలి. బేస్ కడుపులో పట్టే పెట్టెలోంచి 41 హెర్ట్జ్ రప్పించాలనుకోవడం బ్యాటరీకి దండగ, కోనుకి చేటు. దాని అవసరమూ లేదు. 82, 123, 164 దగ్గర అనుస్వరాలు (హార్మోనిక్స్) గట్టిగా వినపడితే, అడుగునున్న 41ని చెవి తనంతట తానే పూరించుకుంటుంది. కాబట్టి 60 హెర్ట్జ్ కింద అంతా కోసేద్దాం. ఊళ కూడా సగం అక్కడే చస్తుంది, ఎందుకంటే బేస్ కడుపులో గాలి తనకు తానుగా మోగేది 60 హెర్ట్జ్ చుట్టుపక్కలే.

స్పీకరు ఆరున్నర అంగుళాల పీఏ మిడ్‌బేస్ రకం, 4 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వినపడే మోత) 90 డెసిబెల్స్‌కి తగ్గకూడదు. కార్లలో పెట్టే సబ్‌వూఫర్ వద్దు. వాటిలో చాలావాటి సెన్సిటివిటీ 85 దగ్గర ఆగుతుంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ శక్తి రెట్టింపు కావాలి గనక, 91ది 16 వాట్లతో చేసే పనిని 85ది చేయాలంటే 64 వాట్లు తాగుతుంది. 8 ఓమ్‌లది కొంటే అదే బ్యాటరీ మీద శక్తి సగానికి పడిపోతుంది. ఎనిమిదంగుళాలది పెట్టాలన్న ఆశ కూడా మానుకో. దానికి తగ్గ పెట్టె లోపల పట్టదు.

ఆ స్పీకరుని నేరుగా బేస్ వీపుకి బిగిస్తే పని మొదట్లోనే చెడుతుంది. దానికంటూ ఓ మూసిన పెట్టె ఉండాలి. ఆ పెట్టె బేస్ చెక్కకి రబ్బరు ద్వారా తప్ప ఎక్కడా తగలకూడదు. కొలతలు ఇవి. వీపు కింది భాగంలో అడ్డం 40, నిలువు 24 సెంటీమీటర్ల కంత. దాని కింది అంచు బేస్ అడుగు నుంచి 10 సెంటీమీటర్లు పైన ఉండాలి, ఎందుకంటే అక్కడ లోపల ఎండ్‌బ్లాక్ అనే చెక్క దిమ్మ ఉంటుంది. పై అంచుకీ సౌండ్‌పోస్ట్ (ఎదర పలకకీ వీపుకీ మధ్య నిలబడే కర్ర) ఆనే చోటుకీ మధ్య కనీసం 10 సెంటీమీటర్లు వదులు. వాయించేటప్పుడు నీ ఎడమ మోకాలు ఎక్కడ ఆనుతుందో సుద్దతో గుర్తుపెట్టుకుని, కంతని రెండో వైపుకి కాస్త జరుపు.

కోసేముందు తీగలు, బ్రిడ్జి (తీగల్ని ఎత్తి పట్టే చెక్క) తీసెయ్. పోస్ట్ పడిపోతుంది, పడనీ. అది నిలబడ్డ చోటు రెండు చివరలా ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకో. తర్వాత దాన్ని నిలబెట్టే పని తీగ వాయిద్యాలు బాగుచేసే లూథియర్‌కి వదిలెయ్. మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గీసి, సన్న పళ్ళ జిగ్‌సాతో కోయి. మూలలు 2 సెంటీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రంగా తిప్పు. చదరం మూలల్లోంచే ప్లైవుడ్ పగలడం మొదలవుతుంది.

కంత చుట్టూ లోపలివైపు ప్లైవుడ్ పట్టీలు జిగురుతో అంటించి, సెంటీమీటరు మేర కంతలోకి పొడుచుకొచ్చే గట్టు కట్టు. కోసినందువల్ల పోయిన బలం వీటితోనే తిరిగొస్తుంది. వీపు వంపుగా ఉంటుంది గనక అడ్డం పట్టీలు తిన్నగా కూర్చోవు. అట్టముక్క మీద వంపు దించుకుని, పట్టీకి ఒక అంచు ఆ వంపులో, రెండో అంచు తిన్నగా కోయి. రాత్రంతా క్లాంపులు వదలకు.

స్పీకరు బిగించే ముందు పలక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, 39.5 x 23.5 సెంటీమీటర్లు. దాని వెనక పెట్టె 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, బయటి కొలత 37 x 21, పలకతో కలిపి లోతు 12. అందులో అడ్డం వైపు 8 సెంటీమీటర్లు గోడ కట్టి బ్యాటరీకి, యాంపుకి వదిలితే స్పీకరుకి సుమారు 5 లీటర్లు మిగులుతుంది. ఆ గదిలో పాలిస్టర్ దూది వదులుగా నింపు. కీళ్ళన్నీ సిలికాన్‌తో మూసెయ్. సన్న సందు మిగిలినా ఇ తీగ వాయించినప్పుడల్లా 'ఫుస్' మంటుంది. వెనక్కి చెయ్యిపెట్టి చూసి, పెట్టెకీ ఎదర పలకకీ, దాని లోపల అంటించిన బేస్‌బార్ కర్రకీ మధ్య ఖాళీ ఉందని నిర్ధారించుకో.

పలకకీ గట్టుకీ మధ్య 6 మిల్లీమీటర్ల నియోప్రీన్ పట్టీ. ఎనిమిది ఎం4 బోల్టులు, ప్రతి బోల్టుకీ రబ్బరు గ్రోమెట్, గట్టులో టీ-నట్ (చెక్కలో దిగేసే నట్టు). ఇక్కడ చాలామంది బలమంతా పెట్టి బిగిస్తారు. రబ్బరు నలిగి గట్టిపడితే అది లేనట్టే, అదురు నేరుగా చెక్కలోకి వెళుతుంది. పట్టీ మూడో వంతు నలిగేదాకా బిగిస్తే చాలు. పైన నల్ల గ్రిల్ గుడ్డ. వెనక్కి మొహం పెట్టిన స్పీకరు జనానికి ఏం వినపడుతుందని సందేహించకు. 100 హెర్ట్జ్ అల పొడవు 3.4 మీటర్లు, నీ కాళ్ళు దానికి అడ్డే కావు. వెనక బాగా దగ్గర్లో గోడ ఉంటే ఇంకా మేలు. వేలి చప్పుడు, తీగ గీటు లాంటి పై ధ్వనులు ఎలాగూ బేస్ ఎదర నుంచే వస్తాయి.

పికప్ విషయంలో, స్టీలు తీగలు వాడేట్టయితే ఫింగర్‌బోర్డు చివర బిగించే మ్యాగ్నెటిక్ పికప్ నా ఓటు. స్వరం కాస్త ఎలక్ట్రిక్‌గా ఉంటుంది గానీ చెక్క అదురుని పెద్దగా పట్టించుకోదు. గట్ తీగలైతే అది పనిచెయ్యదు, అదురుకి వోల్టేజి పుట్టించే పియెజోయే గతి. బ్రిడ్జి రెక్కల్లో దూర్చే పియెజో కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకో. మామూలు 1 మెగాఓమ్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే 159 హెర్ట్జ్ కింద అంతా జారిపోయి బేసు బాంజోలా పలుకుతుంది. 10 మెగాఓమ్‌లు ఉంటే ఆ హద్దు 16 హెర్ట్జ్‌కి దిగుతుంది. రెండు ఆప్-యాంపులున్న టీఎల్072 ఐసీలో మొదటి సగం ఇందుకు, ఇన్‌పుట్‌ దగ్గర 4.7 మెగాఓమ్‌లవి రెండు వరసగా వేసి సగం వోల్టేజికి (బ్యాటరీ వోల్టేజిలో సగం) కట్టు.

రెండో సగం 60 హెర్ట్జ్ హైపాస్ (దాని కింది ధ్వనుల్ని కోసేది), సాలెన్-కీ అనే సర్క్యూట్ పద్ధతి. వరసలో 100 నానోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్లు రెండు. వాటి నడిమి నుంచి అవుట్‌పుట్‌కి 18 కిలోఓమ్‌లు. ప్లస్ ఇన్‌పుట్ నుంచి సగం వోల్టేజికి 39 కిలోఓమ్‌లు. మైనస్ ఇన్‌పుట్ అవుట్‌పుట్‌కే. ఈ బోర్డుని, వాల్యూమ్ నాబ్‌ని చిన్న రాగి రేకు డబ్బాలో పెట్టి టెయిల్‌పీస్ (తీగల కింది చివరలు పట్టే పలక) కింద కట్టేస్తే కనపడదు, చేతికీ అందుతుంది. అక్కడి నుంచి షీల్డు తీగ ఎఫ్-హోల్‌లోంచి (ఎదర పలక మీది ఎఫ్ ఆకారపు కంత) లోపలికి. ఈ ప్రీయాంప్‌కి (యాంపుకి ముందుండే ఈ చిన్న బోర్డుకి) కరెంటు 100 ఓమ్‌లు, 1000 మైక్రోఫారడ్ దాటించి ఇవ్వు. లేకపోతే క్లాస్-డి యాంపు గుసగుస అంతా ఇందులో వినపడుతుంది.

యాంపు టీపీఏ3116 బోర్డు. 12.8 వోల్టుల మీద 4 ఓమ్‌లకి 16 వాట్ల దాకా ఇస్తుంది. 91 డెసిబెల్స్ స్పీకరుతో లెక్కేస్తే మీటరు దూరంలో 103, వీధికి ఇంతకంటే అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: దీని స్పీకరు తీగల్లో ఏదీ గ్రౌండు కాదు. మైనస్ తీగని లోహపు జాక్‌కో రేకుకో తగిలించావో, చిప్ పోయే ప్రమాదం ఉంది.

బ్యాటరీకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 32700 సెల్స్ నాలుగు, 3.2 వోల్టులు, 6 ఆంపియర్ అవర్లవి, వరసగా. సోలార్ వీధి దీపాల్లో వాడేవి ఇలాంటివే. మొత్తం 76.8 వాట్-అవర్లు. విమానంలో వెంట తీసుకెళ్ళడానికి సాధారణంగా ఉండే 100 హద్దుకి లోపలే. సగటున 6 వాట్లు తాగుతుందనుకుని, ఐదో వంతు మిగిల్చినా 10 గంటలు వస్తుంది. 10 ఆంపియర్ల బీఎంఎస్ (సెల్స్‌ని కాపాడే బోర్డు), ప్లస్ చివరకి ఆనుకునే 5 ఆంపియర్ల ఫ్యూజు, 14.6 వోల్టుల చార్జర్. ఇంకా బిగ్గర కావాలని ఎనిమిది సెల్స్ వరసగా కట్టకు. నిండుగా చార్జి అయితే 29.2 వోల్టులు అవుతుంది, ఆ చిప్ పని చేసే హద్దు 26. ఈ రకం సెల్ వోల్టేజి దాదాపు చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టుమీటరు చూసి ఎంత మిగిలిందో అంచనా వేయలేవు, పాట మధ్యలో బీఎంఎస్ కట్ చేసేస్తుంది. వాట్-అవర్ మీటరు పెట్టుకో. అక్కడి చలికాలంలో సున్నా డిగ్రీల కింద చార్జి చెయ్యకు, పెట్టెని ఇంట్లోకి తెచ్చి వెచ్చబడ్డాక పెట్టు.

అంతా బిగించాక, తీగలు అరచేత్తో మూసి వాల్యూమ్ మెల్లగా పెంచు. ఊళ మొదలైన చోట ఆగి, ఫోనులో ట్యూనర్ పెట్టి అది ఏ స్వరమో రాసుకో. తర్వాత వాల్యూమ్ తగ్గించి స్పీకరు రెండు తీగలు తారుమారు చేసి మళ్ళీ చూడు. సాధారణంగా ఒక దిశలో ఇంకొంచెం పెంచడానికి వీలుంటుంది. అందుకే అక్కడో డీపీడీటీ స్విచ్ (రెండు తీగల్నీ ఒకేసారి తారుమారు చేసేది) పెట్టమంటాను, చోటు మారితే దిశ మారొచ్చు. అప్పటికీ ఊళ ఉంటే ఎఫ్-హోల్స్‌లో నల్ల ఫోమ్ దూర్చు. ఫోమ్ పెడితే తగ్గిందంటే కడుపులో గాలి కారణం. తగ్గలేదంటే అదురు చెక్కలోంచి వస్తోందని, బోల్టులు వదులు చెయ్. ఒకే స్వరం దగ్గర మొండికేస్తే, అక్కడ కోసే నాచ్ నాబ్ ఉన్న ప్రీయాంప్ కొనడం తేలిక.

కనపడకుండా పెట్టాం గదా అని అనుమతి అక్కర్లేదనుకోకు. న్యూయార్క్ వీధిలో యాంపు వాడితే ఆ ప్రాంతపు పోలీస్ ప్రిసింక్ట్ (స్టేషన్) నుంచి సౌండ్ డివైస్ పర్మిట్ ఉండాలి. సబ్‌వే ప్లాట్‌ఫాం మీద యాంప్లిఫైయర్ నిషేధం. ప్లాట్‌ఫాం కాని చోట్ల కూడా 5 అడుగుల దూరంలో 85 డీబీఏ (చెవికి వినపడే తీరుకి సవరించిన డెసిబెల్స్) దాటకూడదు. డీబీఏ కొలత అడుగు స్వరాలని చాలా తక్కువగా లెక్కిస్తుంది గనక మీటరు నీ పక్షమే, కానీ వాకిట్లో నిలబడ్డ దుకాణం యజమాని కాదు. సెలవలకి తెచ్చి ఇక్కడ ట్యాంక్‌బండ్ మీద వాయిద్దామనుకున్నా, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడనే కూడదు. అనుమతి దొరకని చోట స్విచ్ ఆపి వాయించు, అది ఇంకా బేసే కదా.

బేస్ కొన్నాక వీపు కింది భాగం వెడల్పు, లోపలి లోతు, వంపు దించిన అట్టముక్క ఫొటో పంపు. గట్టు పట్టీలకి కొలతలు వేసి పంపుతాను. అవి రాకుండా రంపం పట్టకు.

ఇట్లు,
మావయ్య