జబ్బును ‘కనిపెట్టాడు’ అనవచ్చా?

సందేహం: “వంశపారంపర్యంగా వచ్చే అరుదైన ఫాంకోనీ రక్తహీనతను 1927లో గీడో ఫాంకోనీ కనిపెట్టాడు” అని ఒక వ్యాసంలో రాశాను. కనిపెట్టడానికి జబ్బు యంత్రమా అని మిత్రుడు అడిగాడు. నా వాక్యం తప్పా?

సమాధానం: ‘కనిపెట్టాడు’ తప్పు కాదండీ. ఆ మాటలో ఉన్నది చూపు. “పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు” అంటే ఓ కన్నేసి ఉంచమని. “వాడి ఎత్తు ఇట్టే కనిపెట్టేసింది” అంటే పసిగట్టిందని. కొత్త యంత్రాన్ని తయారుచేయడమనే అర్థం వీటి సరసన చేరిందే గానీ వీటిని తోసెయ్యలేదు.

ఫాంకోనీ చేసిందీ అదే. ఆయన స్విట్జర్లాండ్‌లో పిల్లల వైద్యుడు. ఒకే ఇంటి అన్నదమ్ములు ముగ్గురిలో ఒకే తీరు రక్తహీనత, దానితోపాటు పుట్టుకతో వచ్చిన లోపాలు చూశాడు. రక్తం తగ్గడం, ఒంటి తీరు వేర్వేరు సంగతులు కావని పసిగట్టాడు.

ఆ తర్వాతి కథకు మాత్రం వేరే క్రియలు కావాలి. 1931లో నేగెలీ అనే వైద్యుడు దీనికి ఫాంకోనీ పేరు ‘సూచించాడు’. 1964లో ట్రౌటె ష్రోడర్ బృందం ఈ రోగుల కణాల్లో క్రోమోజోములు వాటంతటవే విరుగుతున్నాయని ‘కనుగొంది’. 1992లో ఈ జబ్బుతో ముడిపడ్డ మొదటి జన్యువు దొరికింది. ఇప్పటికి ఇరవైకి పైగా తెలిశాయి. దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే పని వాటిది.

నాకు నిజంగా అభ్యంతరమున్నది ‘వంశపారంపర్యం’ దగ్గర. ఆ మాట వినగానే తాత, తండ్రి, కొడుకు వరస మనసులో మెదులుతుంది. ఈ జబ్బులో చాలావరకు తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. లోపమున్న జన్యువు ఇద్దరి నుంచీ బిడ్డకు చేరితేనే జబ్బు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ ఆ అవకాశం 25 శాతం. ‘మా వంశంలో ఎవరికీ లేదే, ఎవరి వైపు నుంచి వచ్చింది?’ అని అసలే టెన్షన్‌లో ఉన్న తల్లిని ఆ మాట ఇంకా కుంగదీస్తుంది. ‘జన్యుపరమైన’ అంటే విషయం సరిగ్గా అందుతుంది, నిందా పడదు.

నేనైతే ఇలా రాస్తాను: “జన్యుపరమైన ఈ అరుదైన రక్తహీనతను 1927లో ముగ్గురు అన్నదమ్ముల్లో ఫాంకోనీ గుర్తించాడు.”