మీరడిగారు: ఒకటే పేరు, రెండు రగ్బీలు

రెండు వారాల కింద ఈ శీర్షికలోనే ఎవరో రగ్బీ గురించి అడిగితే "జట్టుకి పదిహేను మంది" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. ఒంగోలు, నెల్లూరు చుట్టుపక్కల ఎన్ని ఇళ్లల్లో పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారో ఆ తర్వాతే తెలిసింది. "పదమూడు మంది కదండీ" అంటూ ఉత్తరాలే ఉత్తరాలు. తప్పు నాదే, సగం చెప్పి ఊరుకున్నా. వచ్చిన వాటిలో ఐదు ఇక్కడ తీసుకున్నాను.

ప్ర: మా తమ్ముడు సిడ్నీలో చదువుతా వీడియో కాల్‌లో మ్యాచ్ చూపిస్తాడు. పడేస్తారు, లేస్తాడు, బంతిని కాలితో వెనక్కి నెడతాడు, మళ్లీ పడేస్తారు. 2025లో హైదరాబాద్ హీరోస్ వాళ్లు ఆడింది టీవీలో చూశాను, అందులో ఇట్టా లేదే. ఏది అసలు రగ్బీ? (చీమకుర్తి నుంచి)

జ: రెండూ అసలువే, తంటా అంతా అక్కడే. మీ తమ్ముడు చూపించేది రగ్బీ లీగ్, జట్టుకి 13 మంది. నేను రాసింది రగ్బీ యూనియన్, 15 మంది. హైదరాబాద్ వాళ్లు ఆడింది ఆ యూనియన్‌కే పొట్టి రూపం, ఏడుగురి ఆట. టెస్టు మ్యాచ్‌కి టీ20 ఎట్టాగో అట్టా అనుకోండి.

కబడ్డీ తెలిసినవాళ్లకి లీగ్ అరగంటలో అర్థమైపోతుంది. బంతి చంకలో పెట్టుకుని ఒకడు దూసుకొస్తాడు, ఇద్దరు ముగ్గురు కలిసి నడుమూ తొడలూ పట్టి కింద పడేస్తారు. కబడ్డీలో అయితే అక్కడితో ఔట్. ఇక్కడ పట్టినవాళ్లు వదిలేయాలి, వాడు లేచి బంతిని కాళ్ల దగ్గర పెట్టి పాదంతో వెనక్కి దొర్లిస్తే వెనకున్నవాడు అందుకుంటాడు, ఆట సాగిపోతుంది. చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. ఇట్టా ఆరుసార్లు పడేలోపు అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే 4 పాయింట్లు, లేదంటే బంతి ఎదుటి జట్టుకి. అందుకే ఐదుసార్లు పడ్డాక చాలామటుకు బంతిని దూరంగా తన్నేస్తారు, ఎట్టాగూ పోయేదే కదా, వాళ్ల గీత దగ్గర పోతే మేలని. ఈ లెక్క 1960లలో పెట్టారు, మొదట నాలుగు, తర్వాత ఆరు. అంతకుముందు బంతి దొరికిన జట్టు చాలాసేపు దాన్ని వదిలేదే కాదు, చూసేవాళ్లకి నిద్రొచ్చేది.

ప్ర: నేను కబడ్డీ ఆడినవాణ్ణి. ఒక్క ఆట రెండుగా ఎందుకు చీలింది? రూల్స్ దగ్గర గొడవా? (కావలి నుంచి)

జ: కాదు, కూలి దగ్గర. రూల్స్ తర్వాత మారాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఉత్తర ఇంగ్లండులో, అంటే యార్క్‌షైర్, లాంకషైర్ వైపు, ఆడేవాళ్లలో ఎక్కువమంది బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనోళ్లు. మ్యాచ్‌లు శనివారం. వాళ్లకి శనివారం కూడా పని ఉండేది, మ్యాచ్‌కి పోతే ఆ పూట కూలి పోయినట్టే. పోయిన కూలి మేం ఇస్తాం అన్నాయి అక్కడి క్లబ్బులు. కూలి అవసరం లేని పెద్దమనుషుల చేతిలో ఉన్న రగ్బీ సంఘం, అదే యూనియన్, ఒప్పుకోలేదు. డబ్బు పుచ్చుకుంటే అది ఆటే కాదన్నారు. 1893లో ఈ ప్రతిపాదన ఓడిపోయింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్లో ఉత్తరాది క్లబ్బులు కూర్చుని వేరుపడ్డాయి, తర్వాత లీగ్ అయింది అదే. 1906కి ఆటగాళ్లని 13కి తగ్గించారు, ఖాళీ ఎక్కువుంటే పరుగు ఎక్కువ, పరుగు ఎక్కువైతే టికెట్లు ఎక్కువ. 1907లో సిడ్నీలో కూడా ఇలాంటి కారణాలతోనే, ముఖ్యంగా దెబ్బ తగిలి పని పోయినవాడికి పరిహారం లేదన్న కోపంతో, చీలిక వచ్చింది.

నాకు ఇదంతా చదివితే కోవూరు అవతల ఒక ఊరు గుర్తొస్తుంది. సంక్రాంతి కబడ్డీ పోటీలకి నన్ను స్కోరు రాయమని కూర్చోబెట్టారు. ఒక జట్టులో కూతకెళ్లే కుర్రాడు రైస్‌మిల్లులో హమాలీ, మూడు రోజులు పని మానుకుని వచ్చాడు. సెమీఫైనల్ ముందు జట్టు పెద్ద వాడి చొక్కా జేబులో నోట్లు కుక్కడం అవతలివాళ్లు చూశారు. కిరాయి ఆటగాణ్ణి తెచ్చారని ఒకటే గోల, గంటసేపు ఆట ఆగింది. ఆ కుర్రాడు గీత పక్కన కూర్చుని మోకాలికి గుడ్డ చుట్టుకుంటా, "ఇది నా కూలి సార్, బహుమతి కాదు" అన్నాడు నాతో. హడర్స్‌ఫీల్డ్‌లో జరిగింది అక్షరాలా ఇదే. చివరికి యూనియన్ కూడా ఆటగాళ్లకి డబ్బివ్వడానికి ఒప్పుకుంది, ఎప్పుడనుకున్నారు, 1995 ఆగస్టులో! నూరేళ్లు పట్టింది.

ప్ర: ఈ లీగ్ అంత మంచి ఆటైతే అన్ని దేశాల్లో ఎందుకు లేదు? మా బావ గల్ఫ్‌లో పదిహేనేళ్లుగా ఉన్నాడు, అసలు పేరే వినలేదన్నాడు. (ఆత్మకూరు నుంచి)

జ: పేరు వల్లే. నవ్వులాట కాదు. "రగ్బీ" అన్న మాట ఏ సంఘం పేరు మీద ముందు నమోదైతే, ప్రభుత్వం దృష్టిలో ఆ దేశంలో రగ్బీ వాళ్లదే. ఎక్కువ దేశాల్లో ముందు చేరింది యూనియన్. మన ఊళ్లల్లో పొలం దున్నేది ఒకడు, పాసుపుస్తకం ఇంకొకడి పేరు మీద ఉంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

2015లో యూఏఈలో రగ్బీ లీగ్ నడిపే నిర్వాహకుణ్ణి అక్కడి రగ్బీ సంఘం ఫిర్యాదు మీద అరెస్టు చేశారు. గ్రీసులో లీగ్ వాళ్లకి గుర్తింపు లేక మ్యాచ్‌లు దాదాపు దొంగచాటుగా ఆడుకున్నారు, ఆ స్థితిలోనే వాళ్ల జట్టు ప్రపంచ కప్‌కి అర్హత సాధించింది, టోర్నీ మొదలయ్యే ఏడాది, 2022లో, ప్రభుత్వం కరుణించింది.

అన్నిటికన్నా ఘోరం ఫ్రాన్స్. లీగ్ అక్కడ 1934లో మొదలై ఏడెనిమిదేళ్లలోనే యూనియన్‌కి చెమటలు పట్టించింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి తలొగ్గిన విషీ ప్రభుత్వం 1941లో లీగ్‌ని నిషేధించి ఆస్తులు లాగేసుకుంది. యుద్ధం అయిపోయాక ఆడుకోనిచ్చారు గానీ రగ్బీ అనే మాట వాడొద్దన్నారు. 1990ల దాకా దాని పేరు అక్కడ "పదమూడు మంది ఆట", అంతే. ఆ పేరుతోనే 1951లో ఆస్ట్రేలియా వెళ్లి సిరీస్ 2-1తో గెలిచొచ్చారు. వాళ్ల ఫుల్‌బ్యాక్ ప్యూగ్ ఓబేర్ మైదానంలోనే సిగరెట్ ఊదేవాడని కథలు కథలుగా చెప్పుకుంటారు. (పిల్లలు చదివితే ఈ వాక్యం వదిలేయండి.)

ప్ర: క్రికెట్‌కి ఐసీసీ ఉన్నట్టు దీనికి పెద్ద ఎవరు? ఆస్ట్రేలియా చెప్పిందే వేదం అంట కదా? (నెల్లూరు నుంచి)

జ: ఐసీసీ సమావేశంలో బీసీసీఐ గొంతు ఎట్టా ఉంటుందో మీకు తెలుసు కదా, దాన్ని ఇంకాస్త పెంచుకోండి. ఇంటర్నేషనల్ రగ్బీ లీగ్ అని ఒక సంస్థ ఉంది. డబ్బంతా మాత్రం ఎన్‌ఆర్‌ఎల్ దగ్గర ఉంది, అంటే ఆస్ట్రేలియా క్లబ్బుల పోటీ దగ్గర. ఆ ఎన్‌ఆర్‌ఎల్ కూడా ఒక యుద్ధంలోంచి పుట్టిందే. 1990ల మధ్యలో టీవీ హక్కుల కోసం మీడియా అధిపతులు మర్డోక్, ప్యాకర్ కొట్టుకుని 1997లో రెండు లీగ్‌లు పక్కపక్కన నడిపారు, 1998లో కలిపేసి, క్లబ్బులు ఎక్కువయ్యాయని 1999 సీజన్ అయ్యాక సౌత్ సిడ్నీని తీసేశారు. 1908 నాటి క్లబ్బు అది! అభిమానులు వేలకు వేలు వీధిలోకొచ్చారు, కోర్టుకెళ్లారు, 2002లో జట్టు తిరిగొచ్చింది.

ఇక దేశాల సంగతి. రగ్బీలో మొట్టమొదటి ప్రపంచ కప్ పెట్టింది లీగే, 1954లో, ఫ్రాన్స్‌లో. యూనియన్ 1987 దాకా పెట్టలేదు. అంత ముందు మొదలుపెట్టి ఏం లాభం? 2021 ప్రపంచ కప్ మూడు నెలల్లో ఉందనగా కరోనా పేరుతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మేం రామన్నాయి, టోర్నీ ఏడాది వాయిదా. 2025ది ఫ్రాన్స్‌కి ఇస్తే ప్రభుత్వం హామీ దొరక్క 2023లో వదులుకుంది, అది 2026కి, ఆస్ట్రేలియాకి పోయింది. ఇల్లు మారినట్టు ప్రపంచ కప్ మారుస్తుంటే కొత్త దేశాలవాళ్లు ఏం నమ్మి డబ్బు పెడతారు? నాకు కోపం ఇక్కడే. 2019లో టోంగా ఆస్ట్రేలియాని 16-12తో ఓడించింది, 2022లో సమోవా ప్రపంచ కప్ ఫైనల్ దాకా వచ్చింది, ఆట పెరగడానికి మనుషులకి కొదవ లేదు.

డబ్బు కదిలితే మాత్రం ఎట్టా కదులుతుందో పాపువా న్యూ గినీని చూడండి. ఎనిమిది వందలకి పైగా భాషలున్న దేశం, అందరికీ ఉమ్మడిది రగ్బీ లీగ్ పిచ్చి ఒక్కటే. 2028 నుంచి ఆ దేశం జట్టు ఎన్‌ఆర్‌ఎల్‌లో ఆడుతుంది, పదేళ్లకి 60 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు ఇచ్చేది ఆస్ట్రేలియా ప్రభుత్వం. ఆట మీద ప్రేమతోనే అనుకుంటే పొరపాటు. పసిఫిక్‌లోకి చైనా రాకూడదు, అసలు లెక్క అది. అయినా తప్పుపట్టను, పోర్ట్ మోర్స్‌బీ కుర్రాడికి ఆ డబ్బుతో ఒక ఉద్యోగం దొరుకుతుంది.

ప్ర: నేను పీఈటీని. మా బళ్లో ఈ ఆట మొదలుపెట్టాలని ఉంది. ముందు జిల్లా సంఘం పెట్టి రిజిస్టర్ చేయించాలా? (ఒంగోలు దగ్గర్నుంచి)

జ: మాస్టారూ, లెటర్‌హెడ్ ముందు అచ్చేయించకండి, మీకు దండం పెడతా. మన దేశంలో ఒక ఆటకి ఒకే సంఘానికి కేంద్రం గుర్తింపు, రగ్బీకి ఆ గుర్తింపు యూనియన్ వైపు వాళ్లది. పిల్లల తల్లిదండ్రులు మొదట అడిగేది స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ పనికొస్తుందా అని. లీగ్ సర్టిఫికెట్ పనికిరాదు అని మొదటి రోజే చెప్పేయండి, తర్వాత తిట్లు తినక్కర్లేదు. గుర్తింపు ఉంటే సరిపోతుందా అంటే అదీ లేదు, కబడ్డీ సమాఖ్య ఒకే కుటుంబం చేతిలో ఏళ్ల తరబడి ఉండిపోతే 2018లో ఢిల్లీ హైకోర్టు అడ్మినిస్ట్రేటర్‌ని పెట్టాల్సొచ్చింది.

మీరు చేయగలిగింది ఏంటంటే, మీ కబడ్డీ పిల్లల్నే ఒక ఆదివారం కొత్తపట్నం బీచ్‌కి తీసుకెళ్లండి. ఇసుకలో పడితే దెబ్బ తక్కువ. మొదటి నెల పట్టడాలు వద్దు, రెండు చేతులతో తాకితే పట్టి పడేసినట్టే లెక్క, ఆరుసార్లు తాకితే బంతి అవతలికి. వెనక్కి పాస్ ఇవ్వడం అలవాటయ్యాక పట్టు నేర్పండి. చీలమండ పట్టి లాగడం మన పిల్లలకి ఎట్టాగూ వచ్చు. రానిది భుజం తొడకి ఆనించి, తల పక్కకి పెట్టి పట్టడం. ఎవడి చెయ్యైనా మెడ మీదకి పోతే అక్కడికక్కడే విజిల్ ఊదండి, స్కోరు సంగతి తర్వాత చూసుకోవచ్చు.