స్కోరు నిలవడం లేదని విల్లు మార్చేస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. రెండేళ్లుగా రికర్వ్ ఆర్చరీ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లుతో) నేర్చుకుంటున్నాడు. 60 మీటర్ల దూరంలో ఒకరోజు 720కి 600 దాటితే, మర్నాడు 550 కూడా రావడం లేదు. బైనాక్యులర్‌తో చూసి ప్రతి బాణం స్కోరూ నేనే చెబుతాను. కప్పీలుండే కాంపౌండ్ విల్లయితే నిలకడ వస్తుందని, అది ఒలింపిక్స్‌లోకి కూడా వచ్చిందని అంటున్నారు. అప్పు చేసి కొనమంటారా? మాన్పించి ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చమంటారా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీరు అడిగింది విల్లు గురించే అయినా, భయమంతా పెట్టిన డబ్బూ గడిచిన రెండేళ్లూ నీళ్లపాలవుతాయేమోనని. ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది, ఆట పేరు మాత్రం మారుతుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడి స్కోరు ఎగిరిపడటం జబ్బు కాదండీ. ఒళ్లు ఎదుగుతోంది, నిరుడు కుదిరిన కొలత ఈ ఏడాది కుదరదు.

రికర్వ్‌లో నారి లాగి గడ్డం కింద చెయ్యి ఆనించే చోటు ప్రతిసారీ ఒక్కటే కావాలి. ఆ చెయ్యి ఒక్క మిల్లీమీటరు కిందికి జారితే, 60 మీటర్ల దగ్గర బాణం ఏడెనిమిది సెంటీమీటర్లు తప్పుతుంది. లక్ష్యం మీద ఒక్కో వలయం వెడల్పే ఆరు సెంటీమీటర్లు! అందుకే, బాణాలన్నీ ఒకే మూలన గుంపుగా పడుతుంటే విల్లు మీద గురి చూసే సైటు సరిచేస్తే చాలు. చెల్లాచెదురుగా పడుతుంటే లోపం ఒంటి తీరులో ఉన్నట్టు. ఆరు బాణాల్లో నాలుగోదానికే భుజం వణుకుతుంటే, విల్లు లాగడానికి పట్టే బరువు వాడి బలానికి మించిందన్నమాట. తోటివాళ్లు 36 పౌండ్లు లాగుతున్నారని వాడికీ అదే ఇచ్చారేమో, కోచ్‌ను అడగండి. కొన్నాళ్లు లక్ష్యం కాగితం తీసేసి, మూడు మీటర్ల దూరం నుంచి కళ్లు మూసుకుని వేయించమనండి. కన్ను స్కోరు వెతకనప్పుడే వీపు కండరం లాగుతోందో, వేళ్లే లాగుతున్నాయో వాడికి తెలిసేది.

ఇక కాంపౌండ్. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచినప్పటి నుంచి అందరికీ అదే కావాలి. నాకు మాత్రం అనుమానమే. చివరిదాకా లాగాక దాని కప్పీలు బరువు తగ్గిస్తాయి, సైటులో భూతద్దం ఉంటుంది, నారిని నేరుగా వేళ్లతో కాకుండా చిన్న పరికరంతో వదులుతారు. నిజమే, సులువే. కానీ ఆ సులువు అందరికీ ఉంటుంది కదా! పైస్థాయిలో అక్కడ పదికి తొమ్మిది పడితే వెనకబడ్డట్టే. 2028 లాస్ ఏంజెలిస్‌లో కాంపౌండ్‌కు ఇచ్చింది మిశ్రమ జట్టు పోటీ ఒక్కటే. అంటే దేశం మొత్తానికి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. ఆ ఒక్క చోటును చూసుకుని అప్పు చేస్తారా? రికర్వ్‌లోనూ మనవాళ్లున్నారు. మన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్‌లో అంకిత భకత్‌తో కలిసి మిశ్రమ జట్టులో నాలుగో స్థానం దాకా వెళ్లాడు. రెండేళ్లు పోయాక మీ వాడికే కాంపౌండ్ మీద మనసైతే అప్పుడు ఆలోచిద్దాం.

చదువు మాన్పించవద్దు, ఆటా మాన్పించవద్దు. రైల్వేల్లో, పోలీసు శాఖలో క్రీడల కోటా ఉద్యోగాలున్నాయి. 2024-25 నుంచి ఐఐటీ మద్రాసు కూడా క్రీడాకారులకు విడిగా సీట్లు ఇస్తోంది, కాకపోతే జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి. మీ ఊళ్లో ఫౌండేషన్ పేరుతో జరిగేది చాలాచోట్ల ఇంటర్ పాఠాన్ని తొమ్మిదిలోనే బట్టీ పట్టించడం. దానికి తొందర లేదు.

అన్నట్టు, ఆ బైనాక్యులర్ మాటేమిటి? ఏడు పడగానే మీ నోటి నుంచి వచ్చే నిట్టూర్పు వాడికి వినపడుతుంది. తర్వాతి బాణం మీ కోసం వేస్తాడు, అది ఆరులో పడుతుంది. రేపటి నుంచి మైదానం గేటు దగ్గర దించేసి వచ్చేయండి. స్కోరు బదులు ఏ బాణం వదిలినప్పుడు చెయ్యి ఎలా ఉందో వాడినే ఒక నోట్‌బుక్‌లో రాసుకోనివ్వండి. మూడు నెలలయ్యాక ఆ పుస్తకంతో నా దగ్గరికి పంపండి. తోడుగా మీరు వచ్చినా, బయట బల్ల మీద కూర్చోవాలి.