మాయ పడటానికి గుర్రానికి మూడు గంటలే గడువు

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగు గేదెలతో పాటు ఒక మార్వారీ జాతి గోడిగను (ఆడ గుర్రాన్ని) పెంచుతున్నాం. పెళ్లి ఊరేగింపులకు పంపుతాం. మొన్న రాత్రి 11 గంటలకు ఈనింది. పిల్ల బాగానే ఉంది, కానీ మాయ వేలాడుతూ ఉండిపోయింది. గేదెలకైతే తెల్లారేసరికి అదే పడిపోతుంది కదా అని ఆగాం. బరువుకని మా పెద్దవాళ్లు పాత చెప్పు కట్టారు. మర్నాడు ఉదయం 10 గంటలకు పడింది. ఇవాళ మూడో రోజు. దాణా సగమే తింటోంది. కింద నుంచి ఎర్రటి నీరు వాసనతో కారుతోంది. ముందు కాళ్లు చాచి నిలబడుతోంది. ఇది బాలింత నీరసమేనా? ఏం మందు వాడాలి?

జవాబు: మీ సందేశం చూసిన వెంటనే ఫోన్ చేసి చెప్పిన మాటే ఇక్కడా ముందు రాస్తున్నాను. ఇది బాలింత నీరసం కాదండి. మాయ ముక్క లోపల మిగిలి, గర్భసంచి కుళ్లి, ఆ విషం రక్తంలో కలిసి గిట్టల దాకా చేరిందన్న అనుమానం బలంగా ఉంది. ఈ స్థితిలో రేపు చూద్దాం అనుకోకూడదు, ఆ పూటే డాక్టరు చేయి పడాలి. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేసినప్పుడు ‘గుర్రానికి బాలేదు’ అని ఊరుకోకండి. ఈని మూడో రోజు, మాయ ఈనిన పదకొండు గంటల తర్వాత పడింది, కాళ్లు చాచి నిలబడుతోంది అని వివరంగా చెప్పండి. వచ్చే డాక్టరు దానికి తగ్గట్టు సామాను తెచ్చుకుంటారు.

మీరు నిర్లక్ష్యం చేశారని నేను అనను. గేదెల అనుభవం ఉన్నవారెవరైనా అలాగే ఆగుతారు. గేదెకు, ఆవుకు మాయ పడటానికి పన్నెండు గంటల దాకా చూస్తాం. ఆ తర్వాత ఒక రోజు ఆలస్యమైనా చాలా పశువులు తట్టుకుంటాయి. వాటి మాయ గర్భసంచి లోపలి బొడిపెల దగ్గర మాత్రమే గుండీలు పెట్టినట్టు అతుక్కుని ఉంటుంది. గోడిగ మాయ అలా కాదు. మఖమల్ గుడ్డ పరిచినట్టు గర్భసంచి లోపలి గోడంతా పట్టుకుని ఉంటుంది. మామూలుగా ఈనిన అరగంట నుంచి మూడు గంటల లోపు ఊడి వచ్చేస్తుంది. మూడు గంటలు దాటితే గుర్రానికి ఆపద మొదలైనట్టే లెక్క. పైగా గుర్రం శరీరం ఈ విషానికి గేదె కంటే చాలా తొందరగా లొంగిపోతుంది. రాత్రి 11కు ఈనితే 2 గంటలకల్లా డాక్టరుకు ఫోన్ వెళ్లాలి. అర్ధరాత్రి లేపడానికి మొహమాటపడకండి.

చెప్పు కట్టడం గురించి కూడా చెప్పాలి. చెప్పైనా, రాయైనా, చీపురుకట్టైనా బరువు కడితే మాయ మధ్యలో తెగి ముక్క లోపల ఉండిపోతుంది. ఒక్కోసారి గర్భసంచే తిరగబడి బయటికి వచ్చేస్తుంది. చేత్తో లాగడమూ అంతే ప్రమాదం. వేలాడే మాయను గుర్రం తొక్కకుండా, వెనక కాళ్లకు తగిలి బెదిరి పిల్లను తన్నకుండా, దాన్నే పైకి మడిచి మోకాలి కీలు పైన ఉండేలా ముడి వేయండి. అంతకు మించి ముట్టుకోవద్దు. పాలు చేపడానికని కొన్నిచోట్ల ఆక్సిటోసిన్ సీసాలు ఇళ్లలో ఉంటున్నాయి. అది మీరు పొడవకండి. గోడిగకు డాక్టర్లు ఇచ్చే మోతాదు చాలా తక్కువ, అదీ చూసుకుంటూ ఇస్తారు. ఎక్కువ పడితే నొప్పులతో గుర్రం విలవిల్లాడిపోతుంది.

పడిన మాయను పారేయకండి, పూడ్చకండి. కుక్కలు ముట్టకుండా బకెట్‌లో వేసి మూత పెట్టి డాక్టరు వచ్చేదాకా ఉంచండి. కొన్నేళ్ల కిందట ఆత్రేయపురం వైపు ఒక ఇంటికి వెళ్లేసరికి మాయను అప్పటికే పెంటపోగు పక్కన పాతేశారు. తవ్వి తీయించి, బోరింగ్ దగ్గర కడిగించి, అరుగు మీద పరిచాం. గోడిగ మాయ పరిస్తే ప్యాంటులా ఉంటుంది, ఒక కాలు లావు, ఒక కాలు సన్నం. పిల్ల బయటికి వచ్చిన దారి నడుము దగ్గర ఒక్కటే ఉండాలి. ఆ దారిలోంచి నీళ్లు పోస్తూ ఉంటే లావు కాలు నిండింది, చుక్క కారలేదు. సన్న కాలు చివర నుంచి మాత్రం ధార కట్టింది. అక్కడ అరచేయంత ముక్క లేదు. ఎక్కువగా తెగి మిగిలిపోయేది ఆ సన్న కాలి చివరే. గర్భసంచి కడిగాక ఆ ముక్క బయటికి వచ్చింది, గుర్రం బతికింది. మీ మాయ ఇంకా దొరికే అవకాశం ఉంటే ఇప్పుడైనా తీయించండి.

ఇక గిట్టలు. ముందు కాళ్లు చాచి బరువంతా వెనక్కి వేసి నిలబడటం, కాళ్లు మార్చి మార్చి వేయడం, గిట్ట ముట్టుకుంటే వెచ్చగా తగలడం ల్యామినైటిస్ గుర్తులు. గిట్ట లోపల ఎముకను గోడకు పట్టి ఉంచే పొర వాచి సడలిపోతుంది. సడలితే ఎముక కిందికి తిరుగుతుంది, ఆ తర్వాత గుర్రం మళ్లీ ఊరేగింపు నడక నడవడం కష్టం. అందుకే దీని గురించి ఇంత టెన్షన్ పడుతున్నాను. డాక్టరు వచ్చేలోపు మీ చేతిలో ఉన్న మంచి మందు ఐసు. చేపల లోడుకు ఐసు ఆడే మన ప్రాంతంలో అది అర్ధరాత్రైనా దొరుకుతుంది. నలగ్గొట్టిన ఐసు, నీళ్లు కలిపి మందపాటి ప్లాస్టిక్ సంచుల్లోనో, లోతైన తొట్టెల్లోనో కాళ్లు మోకాలి కింది దాకా మునిగేలా ఉంచండి. పది నిమిషాలు పెట్టి తీసేస్తే లాభం లేదు. కరిగే కొద్దీ వేస్తూ ఉండాలి. ఎన్నాళ్లన్నది డాక్టరు చెబుతారు, సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. గుర్రాన్ని నడిపించకండి, కాళ్ల కింద ఊక గానీ ఇసుక గానీ మందంగా పోయండి.

డాక్టరు చేసే పని ఏమిటంటే, సెలైన్‌తో గర్భసంచిని కడుగుతారు. తిరిగి వచ్చే నీరు తేటపడేదాకా రోజూ కడగాల్సి రావచ్చు. దాంతో పాటు యాంటీబయాటిక్, విషం ప్రభావాన్ని తగ్గించే ఫ్లూనిక్సిన్ ఇస్తారు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించారో చెప్పండి. గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది. వచ్చే చూడికి ఈనడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే ఆ టీకా పడేలా చూసుకోండి. మీరు చేయాల్సింది పూటపూటకూ జ్వరం చూసి రాయడం. ఎదిగిన గుర్రానికి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 101.5 దాటినా, నెమ్మదిగా ఉన్నప్పుడే గుండె నిమిషానికి 60కి పైగా కొట్టుకున్నా, చిగుళ్లు గులాబీ రంగు పోయి ఇటుక ఎరుపుకో ఊదాకో తిరిగినా ఆలస్యం చేయకండి.

చిగుళ్లు తెల్లగా పాలిపోతే అది వేరే సంగతి. వయసు మీరిన, చాలాసార్లు ఈనిన గోడిగల్లో గర్భసంచి రక్తనాళం పగిలి లోపల రక్తం కారవచ్చు. చెమటలు పట్టి వణుకుతుంది. కడుపునొప్పి అనుకుని నడిపిస్తే ప్రాణం పోతుంది. చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట కదలకుండా ఉంచి డాక్టరును పిలవాలి.

మేతలో మన బాలింత పథ్యం పెట్టకండి. ఉలవలు, బెల్లం ఒక్కసారిగా పెంచితే గిట్టల జబ్బు ఇంకా ముదురుతుంది. ప్రస్తుతానికి శుభ్రమైన ఎండుగడ్డి, తడిపిన గోధుమ పొట్టు కొద్దిగా, కావలసినన్ని నీళ్లు చాలు. బూజు పట్టిన వరిగడ్డి వద్దు. కోళ్ల దాణా మిగిలింది కదా అని అసలు పెట్టకండి. అందులో కలిపే మొనెన్సిన్ లాంటి మందులు గుర్రం గుండెను ఆపేస్తాయి.

పిల్లను గమనిస్తూ ఉండండి. తల్లి పొదుగు బిగిసి పాలు వాటంతట అవే కారుతున్నాయంటే పిల్ల తాగడం మానేసిందని అర్థం, ఆ మాట కూడా డాక్టరుకు చెప్పండి. ఈనిన ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య గోడిగ ఎదకు వస్తుంది. ఇప్పుడు మీ గుర్రాన్ని ఆ ఎదలో కట్టించకండి. డాక్టరు గర్భసంచి పరీక్షించి బాగుందన్నాక, అప్పటికి గిట్టల నొప్పి కూడా తగ్గి ఉంటేనే, మూడు వారాల తర్వాత వచ్చే ఎద గురించి ఆలోచించండి.