అమెరికా రెసిడెన్సీకి ఏం కొనాలి, ఏం కొనకూడదు: గాజువాక తండ్రికి జవాబు

ప్రశ్న: నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తున్నానండి. మా అమ్మాయి విశాఖలోనే ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ పూర్తిచేసి హౌస్ సర్జన్సీ చేస్తోంది, వచ్చే మార్చికి అయిపోతుంది. అమెరికాలో రెసిడెన్సీ చేస్తానంటోంది. ద్వారకానగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పుస్తకాలు, కోచింగ్, అమెరికా హాస్పిటల్లో ట్రైనింగ్, రీసెర్చ్ పేపర్లు అన్నీ కలిపి 14 లక్షల ప్యాకేజీ అన్నారు, సీటు గ్యారంటీ అంటున్నారు. 25 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. అసలు ఇందులో ఏం కావాలి, ఏం అక్కర్లేదు? నీట్ పీజీ కూడా రాయించాలా? జర్మనీ, యూకే సంగతేంటి?

జవాబు: నమస్కారమండీ. ముందు ఆ గ్యారంటీ సంగతి తేల్చేద్దాం. రెసిడెన్సీ (మన పీజీ లాంటి స్పెషాలిటీ శిక్షణ) సీటు గ్యారంటీగా ఇప్పించేవాళ్ళు ద్వారకానగర్‌లోనే కాదు, అమెరికాలో కూడా ఎవరూ లేరు. కన్వీనర్ కోటా, బి కేటగిరీ, ఎన్నారై కోటా చూసీ చూసీ, డబ్బు కడితే ఎక్కడో ఒకచోట తలుపు తెరుచుకుంటుందని మనకు అలవాటైపోయింది. అక్కడ బి కేటగిరీ లేదు. ఇంటర్వ్యూలు అయ్యాక అభ్యర్థులు తమకు నచ్చిన ప్రోగ్రాములను (హాస్పిటళ్ళు నడిపే రెసిడెన్సీ శిక్షణలను) వరసలో పెడతారు, ప్రోగ్రాములు తమకు నచ్చిన అభ్యర్థులను వరసలో పెడతాయి, ఆ రెండు లిస్టులనూ ఎన్‌ఆర్‌ఎంపీ అనే సంస్థ కంప్యూటర్ కలుపుతుంది (దీన్నే మ్యాచ్ అంటారు), మార్చి మూడో శుక్రవారం ఎవరికి ఎక్కడ వచ్చిందో తెలుస్తుంది. 2024లో ఇలా లిస్టు పెట్టిన విదేశీ పౌరులైన విదేశీ గ్రాడ్యుయేట్లలో 58.5 శాతం మందికి సీటు వచ్చింది. మిగతావాళ్ళలో కూడా వేలకు వేలు డాలర్లు ఖర్చుపెట్టినవాళ్ళే ఎక్కువ.

ఆ 25 వేలు వెనక్కి ఇమ్మని ఈమెయిల్లో అడగండి, ఫోన్‌లో కాదు. గ్యారంటీ అని వాళ్ళు రాసిచ్చిన కాగితం గానీ, వాట్సాప్ మెసేజ్ గానీ ఉంటే దాచండి. ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

ఇక మీ అమ్మాయి ఈ వారమే చేయాల్సిన పని చదువుకు సంబంధించింది కాదు, పేరుకు సంబంధించింది. మన టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, కొన్నిసార్లు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా, వేరే గడిలో ఉంటుంది, యూనివర్సిటీ డిగ్రీలో మూడో రకంగా ఉంటుంది. విదేశీ డాక్టర్ల సర్టిఫికెట్లు సరిచూసే ఈసీఎఫ్‌ఎంజీ (ఇప్పుడు ఇంటెల్త్ అనే సంస్థలో భాగం) దగ్గర ఇదంతా ఒకేలా ఉండాలి, లేకపోతే ఎందుకు తేడా వచ్చిందో కాగితాలు పెట్టి చూపించాలి. అమెరికా డాక్టర్ లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ (స్టెప్ 1, 2, 3 అని ఉంటాయి) రోజున పాస్‌పోర్టులో పేరుకీ పర్మిట్‌లో (హాల్ టికెట్ లాంటిది) పేరుకీ పొంతన లేకపోతే లోపలికే రానివ్వరు. కాబట్టి టెన్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు, కాలేజీ రికార్డు మూడూ టేబుల్ మీద పరిచి అక్షరం అక్షరం చూసుకోండి. పాస్‌పోర్టు మార్చాల్సి వస్తే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్ళడం ఇప్పుడైతే చిన్న పని, పరీక్షకు నెల ముందైతే ఇంటిల్లిపాదికీ టెన్షన్.

అదే చేత్తో వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్ తెరిచి మీ కాలేజీ పేరు కొట్టండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. కాలేజీ అందులో ఉండటమే సరిపోదు, దాని పేజీలో ఈసీఎఫ్‌ఎంజీ అర్హత గురించి నోట్ ఉండాలి. మన నేషనల్ మెడికల్ కమిషన్‌కు 2023లో డబ్ల్యూఎఫ్‌ఎంఈ (వైద్య విద్య ప్రపంచ సమాఖ్య) గుర్తింపు పదేళ్ళకు వచ్చింది కాబట్టి ఆ వైపు నుంచి బెంగ లేదు. కానీ సర్టిఫికెట్లు నిజమైనవేనని కాలేజీ నుంచే నేరుగా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి, ఆ లాగిన్ మీ కాలేజీలో ఎవరి దగ్గర ఉందో, అసలు ఉందో లేదో, హౌస్ సర్జన్‌గా రోజూ అక్కడే తిరుగుతున్నప్పుడే ప్రిన్సిపాల్ ఆఫీసులో కనుక్కోమనండి.

చదువు సామాను విషయంలో మన పిల్లలకు ఆశ ఎక్కువ. టెలిగ్రామ్‌లో దొరికే వీడియోలు, పీడీఎఫ్‌లు టెరాబైట్ల కొద్దీ దించుకుంటారు, తెరిచి చూసేది తక్కువ. నన్నడిగితే డబ్బు పెట్టాల్సినవి రెండే: ఒకటి యూవరల్డ్ క్వశ్చన్ బ్యాంకు, రెండోది ఈ పరీక్షల ప్రశ్నలు తయారుచేసే ఎన్‌బీఎంఈ వాళ్ళు అమ్మే సెల్ఫ్ అసెస్‌మెంట్లు (నమూనా పరీక్షలు). యూవరల్డ్ సబ్‌స్క్రిప్షన్ ఈ రోజే కొనేయొద్దు, కొన్న రోజు నుంచి గడువు కరుగుతూ ఉంటుంది, రోజుకు నాలుగు గంటలు కూర్చోగలిగే రోజులు వచ్చాక కొనండి. మిగతావన్నీ ఉచితమే: యూఎస్‌ఎంఎల్‌ఈ సైట్‌లో 120 నమూనా ప్రశ్నలు ఉంటాయి, గుర్తుపెట్టుకోవడానికి ఆంకి యాప్ కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ డబ్బు లేకుండా వస్తుంది. ఇంట్లో గోల అయితే పౌర గ్రంథాలయం ఉండనే ఉంది, అదీ ద్వారకానగర్‌లోనే.

టెలిగ్రామ్ అన్నాను కాబట్టి ఒక మాట. అక్కడ 'రీకాల్స్' అని అమ్ముతారు, అంటే పరీక్ష రాసి వచ్చినవాళ్ళు గుర్తుపెట్టుకుని చెప్పిన అసలు ప్రశ్నలు. వాటి జోలికి వెళ్ళొద్దు. 2024 జనవరిలో నేపాల్‌తో సంబంధమున్న చాలామంది స్కోర్లను సరిగ్గా ఈ అనుమానం మీదే రద్దు చేశారు. అప్పటికే ఇంటర్వ్యూలు అయిపోయి మ్యాచ్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

స్టెప్ 1 ఇప్పుడు పాస్ లేదా ఫెయిల్ మాత్రమే, 2022 జనవరి నుంచి మార్కులు చూపించడం లేదు. అందుకని తేలిగ్గా తీసుకోవద్దు, ఫెయిల్ అయితే ఆ మచ్చ రికార్డులో ఉండిపోతుంది, చాలా ప్రోగ్రాములు మొదటి వడపోతలోనే పక్కన పెట్టేస్తాయి. సెల్ఫ్ అసెస్‌మెంట్లో హాయిగా దాటుతుంటేనే తేదీ తీసుకోవాలి. ప్రోగ్రాముల వాళ్ళు అంకె చూసేది స్టెప్ 2 సీకే (క్లినికల్ నాలెడ్జ్)లోనే కాబట్టి అసలు కష్టం అక్కడ పడాలి. 2025లో ఒక్కో పరీక్షకు ఫీజు వెయ్యి డాలర్లు దాటింది, పరీక్ష రాసే ప్రోమెట్రిక్ సెంటర్ హైదరాబాద్‌లో ఉంది, ముందు రోజే వెళ్ళి బస చేయాలి. వీటితో పాటు ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష, క్లినికల్ నైపుణ్యాలకు 'పాత్‌వేస్' అనే దరఖాస్తు. పాత్‌వేస్‌కు ఏటా గడువు తేదీ ఉంటుంది, దాన్ని మరిచిపోయి ఏడాది పోగొట్టుకున్న పిల్లలు నా దగ్గరకు వస్తుంటారు.

ప్యాకేజీలో 'అమెరికా హాస్పిటల్లో ట్రైనింగ్' అన్నారు కదా, మీరు నిలదీసి అడగాల్సింది అక్కడ. అబ్జర్వర్‌షిప్ అంటే చేతులు కట్టుకుని చూడటం, పేషెంటును ముట్టుకోనివ్వరు. ఎలక్టివ్ అంటే విద్యార్థిగా టీమ్‌లో ఒకరై పనిచేయడం, అది చాలాచోట్ల డిగ్రీ చేతికి రాకముందే కుదురుతుంది. రెండింటి విలువా ఒకటి కాదు, ప్రోగ్రామ్ డైరెక్టర్లకు ఆ తేడా బాగా తెలుసు. ఏదో ప్రైవేటు క్లినిక్‌లో నెల రోజులు కూర్చోబెట్టి, అందరికీ ఒకే మూసలో సిఫార్సు లెటర్ ఇచ్చేవాళ్ళకు లక్షలు కట్టడం నాకు ఒప్పు కాదు. రెసిడెన్సీ ప్రోగ్రామ్ ఉన్న హాస్పిటల్లో, మీ అమ్మాయి చేయాలనుకునే స్పెషాలిటీలో, ఆమెను రోజూ చూసిన డాక్టర్ సొంతంగా రాసిన లెటరే లెటరు. ఒక్కో ప్రోగ్రామ్‌కు నాలుగు వరకు పెట్టొచ్చు, రాసిన డాక్టరే పోర్టల్‌లోకి ఎక్కిస్తారు, మీ చేతికి కవర్ ఇచ్చే పద్ధతి కాదది.

అలాంటి హాస్పిటల్ ఎలా దొరుకుతుంది? ఈమెయిళ్ళు, సీనియర్లు, మొహమాటం లేకపోవడం. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచి ఉంది, దాని అనుబంధ ఆసుపత్రి కేజీహెచ్‌లో చదువుకుని అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు కొల్లలు. మీ అమ్మాయి ఆ కాలేజీ కాకపోయినా ఆమెకు పాఠం చెప్పిన ప్రొఫెసర్లలో చాలామంది అక్కడ చదివినవాళ్ళే అయివుంటారు. "మేడమ్, మీ బ్యాచ్‌మేట్స్ ఎవరైనా ఇంటర్నల్ మెడిసిన్‌లో ఉన్నారా?" అని ఒక్క మాట అడగమనండి. తన కాలేజీ నుంచే రెండు మూడేళ్ళ క్రితం మ్యాచ్ అయిన సీనియర్ ఎవరైనా ఉంటే అంతకంటే మేలు, ఎందుకంటే పెద్ద డాక్టర్లకు ఇప్పటి పద్ధతులు తెలియవు, వాళ్ళ కాలం వేరు.

రీసెర్చ్ పేపర్ల గురించి ఒక్క ముక్కే. డబ్బిచ్చి పేరు చేర్పించుకున్న పేపర్ మీద ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు వేస్తే బండారం బయటపడుతుంది. హౌస్ సర్జన్సీలో చూసిన ఒక కేసును తన ప్రొఫెసర్‌తో కలిసి కేస్ రిపోర్టుగా రాసుకుంటే చాలు, దాని గురించి అరగంట మాట్లాడగలదు.

డబ్బు ఎక్కువ పోయేది దరఖాస్తు దగ్గర, అది చాలామంది తల్లిదండ్రులు లెక్కలోకి తీసుకోరు. 2025 సీజన్‌లో ఒక స్పెషాలిటీకి మొదటి 30 ప్రోగ్రాములకు ఒక్కోదానికి 11 డాలర్లు, ఆ పైన ఒక్కోదానికి 30 డాలర్లు తీసుకున్నారు. వంద ప్రోగ్రాములకు వేస్తే 2,430 డాలర్లు, అంటే రెండు లక్షల పైమాటే. విదేశీ పిల్లలు వందా నూటయాభై వేయడం మామూలే. ఇక్కడే ఉచిత వనరులు అక్కరకొస్తాయి: ఫ్రీడా అనే డేటాబేస్‌లో ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో, ఎలాంటిదో వెతకొచ్చు, మ్యాచ్ అయినవాళ్ళ స్కోర్లు, డైరెక్టర్లు ఏం చూస్తారో ఎన్‌ఆర్‌ఎంపీ వాళ్ళే నివేదికలుగా పెడతారు. ప్రతి ప్రోగ్రామ్ సైట్‌కూ వెళ్ళి వీసా ఇస్తారా, డిగ్రీ అయి ఎన్నేళ్ళలోపు ఉండాలి, కనీస స్కోరు ఎంత, ఈ మూడూ ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటే వందలో నలభై వాటంతట అవే రాలిపోతాయి. విసుగు పుట్టించే పనే, కానీ కన్సల్టెన్సీ చేస్తానని డబ్బు తీసుకునేది కూడా ఈ పనికే.

వీసా విషయం అమ్మాయితో పాటు మీరూ తెలుసుకోండి. ఎక్కువమందికి దొరికేది జే-1, ఈసీఎఫ్‌ఎంజీయే స్పాన్సర్ చేస్తుంది. దానికి ఢిల్లీలో కేంద్ర ఆరోగ్య శాఖ నుంచి 'స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్' తెచ్చుకోవాలి, శిక్షణ అయ్యాక రెండేళ్ళు ఇండియాలో ఉండాలనే షరతు ఉంటుంది. ఆ షరతు వద్దనుకుంటే డాక్టర్లు తక్కువగా ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేసే దారి ఉంది, ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 మందికి ఆ అవకాశం. హెచ్-1బీ కావాలంటే స్టెప్ 3 కూడా ముందే పాసవ్వాలి, దానికితోడు 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల భారం వేస్తూ ఉత్తర్వు వచ్చింది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని ప్లాన్ వేయొద్దు. జే-1 ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళ సోషల్ మీడియా అకౌంట్లు పబ్లిక్‌లో పెట్టమనే నిబంధన కూడా ఆ ఏడాదే వచ్చింది, అమ్మాయికి చెప్పండి.

ఎప్పటికి దరఖాస్తు చేయాలంటే, వచ్చే ఏడు సెప్టెంబర్‌కి కాదు, ఆ పై ఏడు సెప్టెంబర్‌కి అని నా అభిప్రాయం. హౌస్ సర్జన్సీ డ్యూటీల మధ్య స్టెప్ 1, అయిపోగానే అయిదు నెలల్లో స్టెప్ 2, అమెరికా ప్రయాణం, లెటర్లు, అన్నీ ఒకే ఏడాదిలో కుక్కితే ఏదో ఒకటి దెబ్బతింటుంది. ఒక్క ఎలక్టివ్ మాత్రం డిగ్రీ రాకముందు కుదిరే దారి ఉందేమో కాలేజీలో ఇప్పుడే అడగాలి. డిగ్రీ అయి అయిదేళ్ళు దాటినవాళ్ళను వద్దనే ప్రోగ్రాములు చాలానే ఉన్నాయి, రెండేళ్ళ లోపు అయితే పెద్దగా అభ్యంతరం ఉండదు.

జర్మనీ మంచి దారే, జీతం ఇస్తూ స్పెషలైజేషన్ చేయిస్తారు, కానీ బీ2 దాకా జర్మన్ నేర్చుకుని, ఆపైన సీ1 స్థాయిలో డాక్టర్లకు పెట్టే భాషా పరీక్ష పాసవ్వాలి. భాష అంటే ఇష్టం లేని పిల్లను అటు తోయొద్దు. యూకే విషయానికొస్తే విదేశీ డాక్టర్లకు అక్కడ పెట్టే ప్లాబ్ మొదటి పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు, రెండోదానికి మాంచెస్టర్ వెళ్ళాలి, కానీ ట్రైనింగ్ పోస్టుల్లో తమ గ్రాడ్యుయేట్లకే ముందు చోటిస్తామని అక్కడి ప్రభుత్వం 2025లోనే ప్రకటించింది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను యూకే చెప్పడం లేదు.

నీట్ పీజీ రాయించాలా అంటే, రాయనివ్వండి, దాని కోసం చదివించొద్దు. స్టెప్ 2కి చదివిన మెడిసిన్ ఎక్కడికీ పోదు, ర్యాంకు వస్తే వచ్చింది. కానీ దాని కోచింగ్‌కు ఇంకో లక్ష కట్టి పొద్దున అది, సాయంత్రం ఇది అంటే రెండింట్లోనూ సగం సగమే అవుతుంది. నీట్ తేదీ మారిందని స్టెప్ 2 తేదీని మాత్రం జరపనివ్వకండి.