తేదీ లేని ఉత్తరంలో ‘రేపు’

పాఠకుల ప్రశ్నలకు తర్కశాస్త్రం విశ్రాంత అధ్యాపకురాలి జవాబులు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం. వాడి డిస్క్రీట్ మ్యాథ్స్ పుస్తకంలో ‘స్టేట్‌మెంట్ అన్నా, ప్రపోజిషన్ అన్నా ఒకటే’ అని ఉంది. నేను దూరవిద్యలో ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. నా మెటీరియల్‌లో రెండూ వేరని ఉంది, ఎందుకు వేరో మాత్రం రెండు లైన్లలో ముగించేశారు. పరీక్షలు దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది. ఎవరిది ఒప్పు? పైగా తెలుగు పుస్తకాల్లో స్టేట్‌మెంట్‌ని ‘ప్రవచనం’ అంటారు, అది చదివితే నాకు గుడిలో చెప్పేవే గుర్తొస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీ ఇద్దరి పుస్తకాల్లోనూ తప్పు లేదు. ఎందుకో చెప్పేముందు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్తాను. నాకు ఈ తేడా తెలిసింది దానివల్లే.

మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. మేము అమ్మతో పలాస దగ్గర మా ఊళ్ళో ఉండేవాళ్ళం. ఒకసారి ఆయన దగ్గర్నుంచి ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. ‘నేను రేపు రాత్రి బండికి బయలుదేరుతున్నాను, స్టేషనుకి ఎవరినైనా పంపించు’ అని రాశారు. పైన తేదీ వేయడం మర్చిపోయారు. నాకప్పుడు పదేళ్ళు. గడగడా చదివేసి, ‘అమ్మా, నాన్న రేపు రాత్రి బయలుదేరతారట’ అన్నాను. అమ్మ ఉత్తరం తీసుకుని లోపల చదవలేదు. వెనక్కి తిప్పి, పోస్టాఫీసు ముద్రని వెలుతురుకి పట్టి చూసింది. పద్నాలుగు అని కనిపించింది. ఆ రోజు పదహారు. ‘నిన్న రాత్రే బండెక్కేశారు, ఈపాటికి దిగే వేళయింది, బాబాయిని స్టేషనుకి పరిగెత్తమను’ అంది.

ఇక్కడ ఏం జరిగిందో చూడండి. నాన్నగారి ‘రేపు’ని నేను అలాగే ఉంచి చెప్పాను. ఆయన రాసింది నిజం, నేను చెప్పింది తప్పు. అమ్మ ‘రేపు’ తీసేసి ‘నిన్న’ పెట్టింది. మాట మారింది, నాన్నగారు చెప్పదలచుకున్న సంగతి మాత్రం చెక్కుచెదరలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఎం.ఏ.లో జర్మన్ తర్కవేత్త ఫ్రేగే 1918లో రాసిన వ్యాసం చదివాను. నిన్న ‘ఈరోజు’ అని చెప్పినదాన్నే ఇవాళ మళ్ళీ చెప్పాలంటే ‘నిన్న’ అనాలి అని ఆయన అందులో అంటాడు. అది చదివినప్పుడు నాకు ముద్రని వెలుతురుకి పట్టిన మా అమ్మ చెయ్యి కనిపించింది.

ఈ నిలకడగా ఉండే సంగతినే ప్రపోజిషన్ అంటారు. నిజం, అబద్ధం అనేవి దానికే చెందుతాయి. ‘ప్రతిపాదన’ అనే అనువాదం నాకు నచ్చదు. తెలుగులో ప్రతిపాదన అంటే ఎవరో ముందుకు తెచ్చిన ఆలోచన, కాలనీలో రోడ్డు వేద్దామనడం లాంటిది. క్లాసులో నేను ‘సంగతి’ అనే చెప్పేదాన్ని. ‘మాటలు సరే, అసలు సంగతేమిటి?’ అని మనం రోజూ అడుగుతూనే ఉంటాం కదా.

మరి స్టేట్‌మెంట్? పోలీసులు తీసుకునే స్టేట్‌మెంట్‌నే, అంటే వాంగ్మూలాన్నే, గుర్తుపెట్టుకోండి. ఇద్దరు సాక్షులు ‘లారీ ఎర్ర లైటు దాటి వచ్చింది’ అన్నారనుకుందాం. వాంగ్మూలాలు రెండు, సంగతి ఒకటే. వాంగ్మూలం ఎప్పుడూ ఎవరో ఒకరిది. దానికి చెప్పిన మనిషి, రోజు, చోటు ఉంటాయి. అందుకే అవన్నీ కాగితం మీద రాయిస్తారు. అవి లేకపోతే అందులోని ‘నేను’, ‘ఇక్కడ’, ‘నిన్న’ మా నాన్నగారి ‘రేపు’లాగే గాల్లో తేలుతాయి. సంగతి మాత్రం ఎవరి సొత్తూ కాదు. ఒక సాక్షిని నమ్మలేమని కోర్టు పక్కన పెట్టినా, లారీ ఎర్ర లైటు దాటిందన్నది నిజమే కావచ్చు.

మీ మెటీరియల్‌లో వదిలేసి ఉంటారనుకునే విషయం ఇంకొకటుంది, నా దృష్టిలో అదే ముఖ్యం. ‘వాన పడితే మ్యాచ్ ఆగిపోతుంది’ అన్నాను. వాన పడుతుందని నేను చెప్పానా? లేదు. ఆ స్టేట్‌మెంట్ నేను చేయలేదు. అయినా వాన పడటమనే సంగతి ఆ ‘పడితే’లో ఉంది. ‘వాన పడుతుందా?’ అని అడిగినా, ‘వాన పడితే బాగుండు’ అని కోరుకున్నా అదే సంగతి. నిజమని ఎవరూ పూచీ పడకుండానే సంగతి ఉండగలదు. స్టేట్‌మెంట్ అలా ఉండలేదు, ఎవరో ఒకరు ‘ఇది ఇంతే’ అని అనాలి. పరీక్షలో ఈ ఒక్క ఉదాహరణ రాసినా తేడా తెలిసినట్టే.

మీ అబ్బాయి పుస్తకం ఎందుకు ఒకటే అంటుందంటే, ‘7 ప్రధాన సంఖ్య’ అనే వాక్యంలో నేను, రేపు, ఇక్కడ ఏవీ లేవు. ఎవరు ఎప్పుడు చెప్పినా సంగతి ఒకటే. వేరు చేయాల్సిన పని పడదు. ‘x + 3 = 7’ దగ్గర మాత్రం లెక్కల మాస్టారు కూడా ఆగుతారు, అది వివృత వాక్యం అంటారు. ఆ x తేదీ లేని ఉత్తరంలోని ‘రేపు’ లాంటిదే. విలువ ఇచ్చేదాకా నిజమూ కాదు, అబద్ధమూ కాదు.

వాక్యానికీ సంగతికీ దూరం ఎంతుంటుందో మన వంటింట్లో బాగా తెలుస్తుంది. డబ్బా అడుగు కనిపిస్తున్నా ‘బియ్యం నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరిపోతే ‘కొండెక్కింది’ అంటాం. ‘బియ్యం అయిపోయాయి’ అన్నా సంగతి అదే, వాక్యమే వేరు. దీనికి తిరగేసి, వాక్యం ఒకటై సంగతులు రెండైనవీ ఉన్నాయి. ఇంగ్లీషులో ‘వీ’ అంటే మనం కావచ్చు, మేము కావచ్చు. డల్లాస్‌లో ఉన్న నా మనవరాలు ఫోన్లో ‘అమ్మమ్మా, మనం శనివారం బీచ్‌కి వెళ్తున్నాం’ అంటుంది. ‘మేము అనాలి నాన్నా, మనం అంటే నేనూ వస్తున్నట్టు’ అని చెప్తాను. అది మర్యాదకి సంబంధించిన సవరణ కాదు. ఎవరు వెళ్తున్నారన్న సంగతే మారిపోతుంది.

‘నాన్న వచ్చాడు’, ‘నాన్నగారు వచ్చారు’ మాటేమిటని అడుగుతారేమో. సంగతి ఒకటే అంటాను నేను. గౌరవం చెప్పే తీరులో ఉంది. రెండు వాక్యాల సంగతి ఒకటేనని తేల్చే కొలబద్ద ఏదీ అని అమెరికన్ తత్వవేత్త క్వైన్ గట్టిగా అడిగాడు. అది దొరకనప్పుడు ప్రపోజిషన్లనేవి ఉన్నాయనుకోవడమే అనవసరం, వాక్యాలు చాలు అన్నాడు. కష్టమైన ప్రశ్నే. కానీ వాక్యాలే చాలనుకుంటే, ఉత్తరంలోని వాక్యాన్ని మార్చేసి కూడా అమ్మ సరిగ్గానే చెప్పిందని ఎలా అంటామో నాకు తెలియడం లేదు.

‘ప్రవచనం’ గురించి: పాత పదో తరగతి లెక్కల్లో ‘ప్రవచనాలు – సమితులు’ అని పాఠమే ఉండేది. అక్కడ నిజమో అబద్ధమో ఏదో ఒకటే కాగల వాక్యం అని మాత్రమే అర్థం. గుడి ప్రవచనంతో కలపకండి. మీ పరీక్షలో స్టేట్‌మెంట్, ప్రపోజిషన్ అని తెలుగు లిపిలో రాసి, పక్కన ఉదాహరణ పెట్టండి.

ప్రశ్న: న్యాయశాస్త్రంలో ‘ప్రతిజ్ఞ’ అనే మాట ఉందని విన్నాను. స్కూల్లో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ కూడా స్టేట్‌మెంటేనా?
– ఒక ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: ఇక్కడ న్యాయం అంటే కోర్టు చట్టం కాదు, మన ప్రాచీన తర్కశాస్త్రం. అందులో ప్రతిజ్ఞ అంటే వాదనకి మొదటి మెట్టు. ‘కొండ మీద నిప్పుంది’ అనడం ప్రతిజ్ఞ, ‘పొగ ఉంది కాబట్టి’ అనడం హేతువు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు చెప్పేదీ ఇదే, ఆయన తెలుగువాడే. అంటే అక్కడ ప్రతిజ్ఞ స్టేట్‌మెంటే, ఇంకా రుజువు కావలసిన స్టేట్‌మెంట్.

స్కూలు ప్రతిజ్ఞని 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు తెలుగులోనే రాశారు. అప్పుడాయన విశాఖపట్నంలో జిల్లా ట్రెజరీ అధికారి. ‘భారతదేశం నా మాతృభూమి’ అని రెండొందల మంది పిల్లలు ఒక్క గొంతుతో అంటే వాక్యం ఒకటి, సంగతులు రెండొందలు, ఎందుకంటే ప్రతి ‘నా’ వేరే బిడ్డది. ఆ వరుసలో నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్ గారి అబ్బాయి ఉంటే, అతని నోట అదే వాక్యం నిజమో కాదో విడిగా చూడాలి. ఆ అబ్బాయి తడబడితే కోప్పడకండి మాస్టారూ. చివర్లో వచ్చే ‘ప్రతిజ్ఞ చేస్తున్నాను’ మాత్రం ఏ సంగతినీ కబురులా చెప్పదు. ఆ మాట అనడమే ప్రతిజ్ఞ చేయడం. అక్కడ నిజమా అబద్ధమా అని అడగం, నిలబెట్టుకున్నాడా లేదా అని అడుగుతాం.